అమ్మ గొంతుకు చోటివ్వాలంటే: హాయిల్‌లో ఒక పాట, ఆరు చానెళ్ళు

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. హాయిల్‌లోనే పుట్టింది. బతుకమ్మ దగ్గర పడితే చాలు, ఇల్లంతా తిరుగుతూ వాళ్ళ అమ్మమ్మ పాట పాడుకుంటూ ఉంటుంది. నిరుడు ఒకరోజు హోంవర్క్ చేసుకుంటూ పాడుతుంటే చెవిన పడింది. "సద్దుల" అనాల్సిన చోట "ముద్దుల" అంటోంది. సరిదిద్దబోయాను.

"కాదమ్మా, అమ్మమ్మ ముద్దులనే అంటది. కావాలంటే విను" అంటూ ఫోన్ తెచ్చి పాట పెట్టింది.

విన్నాను. దాని మాటే నిజం. ఆ రికార్డింగులో అట్లాగే వినిపిస్తోంది.

ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. మా అమ్మమ్మ కట్టుకున్నది, అమ్మ నేర్చుకున్నది. ఆరేళ్ళ కింద ఊరికి పోయినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక అమ్మను వరండాలో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాను. తర్వాతి ఏడాది అమ్మకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ గొంతు బొంగురుపోయింది. మాట్లాడగలదు, పాడలేదు. పై స్వరం ఎత్తబోతే గాలి తప్ప ఇంకేమీ రాదు. కాబట్టి అమ్మ పాడిన ఆ పాట ఇక ఆ ఒక్క ఫోన్ రికార్డింగే.

దానికి డప్పు, డోలక్ కలిపి ఇమ్మని అప్పట్లో పెళ్ళిపాటలు చేసే ఒక స్టూడియోకు పంపాం. వాళ్ళు కలిపి పంపారు. పండగ పూట స్పీకర్లో పెడితే అందరూ లయ అందుకుని ఆడారు, బాగుందన్నారు. కానీ తాళాల గలగల కింద అమ్మ పలికిన "స" పోయిందని మాలో ఎవరం గమనించలేదు. పాటను ఆ ఫైలు నుంచే నేర్చుకున్న పిల్ల మాత్రం విన్నది విన్నట్టు పాడింది.

స్టూడియోకు ఫోన్ చేసి తాళాలు కాస్త తగ్గించమని అడిగాను. "మేడం, అంతా కలిపేసి ఒకే ఫైలు తీసేశాం. ఇప్పుడు ఒక్కటే తగ్గించలేం" అన్నారు. అదృష్టం బాగుండి అమ్మ ఒక్కతే పాడిన అసలు ఫైలు పాత ఫోన్‌లో దొరికింది. ఈసారి వాద్యాలు నేనే కలపాలని కూర్చున్నాను. ఆ పనిలో నేర్చుకున్నది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం. మీ దగ్గరా ఇట్లాంటి ఒక గొంతు ఉండే ఉంటుంది.

పోపుల డబ్బా సూత్రం

పోపుల డబ్బాలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు వేరువేరు గిన్నెల్లో ఎందుకు పెట్టుకుంటాం? ఒక్కోటి ఒక్కో సమయంలో, ఒక్కో కొలతలో వెయ్యాలి కనుక. అన్నీ ఒకే గిన్నెలో పోసి కలిపితే మెంతులు మాత్రం తగ్గించడం ఎవరి తరమూ కాదు.

సాఫ్ట్‌వేర్ డ్రమ్స్ సంగతీ ఇంతే. ల్యాప్‌టాప్‌లో ఒక డ్రమ్ ప్లగిన్ తెరిస్తే అందులో పది పదిహేను వాద్యాలుంటాయి. మనం ఏమీ మార్చకపోతే అవన్నీ కలిసి ఒకే స్టీరియో దారిలో బయటికి వస్తాయి. ఆ దారి మీద రివర్బ్ వేస్తే తాళానికీ, డప్పుకూ, చప్పట్లకూ అందరికీ ఒకటే రివర్బ్. చప్పట్లకు అందం తెచ్చే ఆ ప్రతిధ్వనే డప్పు లావు దెబ్బను బురద చేస్తుంది. తాళాల పదును తగ్గిద్దామని ఈక్వలైజర్‌తో పై శబ్దాలు కోస్తే డోలక్ చురుకుదనం కూడా పోతుంది.

అందుకని ఒక్కో వాద్యాన్నీ మిక్సర్‌లో ఒక్కో చానెల్‌కు పంపుకోవాలి. దీన్నే మల్టీ అవుట్ రౌటింగ్ అంటారు. పేరు విని భయపడనక్కర్లేదు. ఒక గొట్టంలో పోయే నీళ్ళను ఆరు కుళాయిలకు విడదీసి, ఒక్కో కుళాయికీ సొంత తిప్పుడు పెట్టుకోవడం, అంతే.

ఈ అవసరం కొత్తది కాదు

కంప్యూటర్లో డ్రమ్స్ రాకముందే డ్రమ్ మెషీన్లు తయారు చేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్‌ఎమ్-1 నిజమైన డ్రమ్స్ శబ్దాలను డిజిటల్‌గా దాచుకుని వాయించే యంత్రం. దాని వెనకవైపు వాద్యాలకు వేరువేరు అవుట్‌పుట్‌లు ఉండేవి. అదే ఏడాది వచ్చిన రోలాండ్ టీఆర్-808కు కూడా అంతే. స్టూడియోల వాళ్ళు ఒక్కో వాద్యం నుంచి ఒక్కో కేబుల్ లాగి పెద్ద మిక్సర్‌లో ఒక్కో చానెల్‌కు గుచ్చేవారు. 1983లో మిడి వచ్చింది. ఏ యంత్రానికైనా "ఈ నోటు, ఇంత బలంగా" అని సందేశం పంపే ఉమ్మడి భాష అది. 1991లో వచ్చిన జనరల్ మిడి పద్ధతిలో డ్రమ్స్‌కు పదో చానెల్ కేటాయించారు. 36వ నోటు బాస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. ఈ అంకెలు ఈనాటికీ చాలా డ్రమ్ ప్లగిన్లలో కనిపిస్తాయి. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ పద్ధతి తెచ్చాక ఈ పరికరాలు ఒక్కొక్కటే కంప్యూటర్ తెర మీదికి చేరాయి. ఒకప్పటి కేబుళ్ళ పని ఇప్పుడు మౌస్‌తో చేస్తున్నాం.

యంత్రాలు లేని చోట కూడా ఈ విభజన ఉంది. సెప్టెంబరు 23న నేషనల్ డే, ఫిబ్రవరి 22న ఫౌండింగ్ డే వస్తే ఇక్కడ నజ్ద్ ప్రాంతపు అర్దా ఆట చూస్తాం. తేలికపాటి కత్తులు పట్టుకుని భుజం భుజం కలిపి రెండు వరుసల్లో నిలబడతారు. యునెస్కో 2015లో దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అందులో పెద్ద డోళ్ళ పని వేరు, చిన్న డోళ్ళ పని వేరు. వాటి మధ్య ఖాళీలోంచే కవి పద్యం వినిపిస్తుంది. మన డప్పులోనూ అంతే. కుడిచేతి సిర్ర లావు దెబ్బ వేస్తే, ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా సందులు నింపుతుంది. వాయిద్యం ఒకటే అయినా గొంతులు రెండు. కంప్యూటర్లో వాటిని ఒకటిగా కుక్కెయ్యడం మనం చేసే మొదటి తప్పు.

మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య

హాయిల్ ఊరు అజా, సల్మా కొండల సీమలో ఉంది. మేముండే వీధి రాత్రయితే నిశ్శబ్దంగానే ఉంటుంది. అయినా రికార్డింగుకు సమయం చూసుకోవాలి. అజాన్ వినిపించే వేళ మైకు ఆపేస్తాను. అది మర్యాద, పైగా మైకులోకి వచ్చిందంటే మళ్ళీ తీయలేం. సౌదీ క్యాలెండర్ ప్రకారం మగ్రిబ్ తర్వాత గంటన్నరకు ఇషా, రంజాన్‌లో రెండు గంటలకు. ఆ మధ్య సమయమే నా స్టూడియో టైము. ఏసీ ఆపి, వంటింటి తలుపు మూసి, పరుపు గోడకు ఆనించి చప్పట్లు రికార్డు చేసుకుంటాం. అక్టోబరులో ఏసీ లేకుండా పావుగంట కూర్చోవడం కష్టమే. అందుకే ఏం రికార్డు చెయ్యాలో ముందే రాసుకుని కూర్చోవాలి.

ఇంకో సంగతి. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, సౌదీలో 60. కేబుళ్ళలోంచి "మ్‌మ్" అనే హోరు వస్తుంటే, మన వీడియో పాఠాల్లో చెప్పినట్టు 50 దగ్గర, 100 దగ్గర కోస్తే ఇక్కడ ఉపయోగం లేదు. 60, 120 దగ్గర కొయ్యాలి. నాకిది తెలియడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అమెరికాలో ఉన్నవాళ్ళకూ 60 హెర్ట్జే. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో 50.

ముందు శబ్దాలు

మా తమ్ముడు ఊళ్ళో డప్పు కొట్టే పెద్దాయన్ని అడిగాడు. ఆయన మంట మీద డప్పు కాచి, చర్మం బిగిశాక సిర్ర దెబ్బలు విడిగా, సిటికెన పుల్ల దెబ్బలు విడిగా, మెల్లగా, గట్టిగా, ఒక్కోటి పదేసి సార్లు కొట్టి ఇచ్చారు. ఆ పనికి డబ్బు ఇచ్చాం. పాట ఎవరికి పంపినా ఆయన పేరు కూడా రాసి పంపాలని అనుకున్నాం. డోలక్, తాళాలు నా దగ్గరున్న శబ్దాల్లోంచి తీసుకున్నాను. చప్పట్లు మాత్రం మావే. నలుగురు స్నేహితురాళ్ళం శుక్రవారం సాయంత్రం హాల్లో గుండ్రంగా నిలబడి కొట్టాం.

అన్నీ కలిపి ఆరు: సిర్ర దెబ్బ, పుల్ల దెబ్బ, డోలక్ ఎడమ, డోలక్ కుడి, తాళాలు, చప్పట్లు.

నేను వాడింది రీపర్ అనే సాఫ్ట్‌వేర్. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. తర్వాత ఇంటి వాడకానికి లైసెన్సు 60 డాలర్లు, అంటే 225 రియాళ్ళు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

అమ్మ పాట మెట్రోనోమ్ పెట్టుకుని పాడింది కాదు. మొదట్లో నెమ్మది, చివరికి వచ్చేసరికి వేగం. బతుకమ్మ ఆటే అట్లా ఉంటుంది. కాబట్టి పాటను యంత్రం లయకు లాగకుండా, చెవిలో అమ్మ గొంతు వింటూ చిన్న మిడి కీబోర్డు మీద నేనే చేత్తో లయ కొట్టాను. మొదట సిర్ర, రెండోసారి పుల్ల, తర్వాత డోలక్. నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తుంటే ఆడియో సెట్టింగుల్లో బఫర్‌ను 128 శాంపిళ్ళకు తగ్గించండి. అంటే ఆ బఫర్ వల్ల ఆలస్యం మూడు మిల్లీ సెకన్లకు దగ్గరగా ఉంటుంది. మన చెవికి అది తెలియదు.

ఆరు దారులు వేసుకోవడం

సొంత శబ్దాలు ఉన్నవాళ్ళకు సులువైన పద్ధతి ఇది. ఒక ట్రాకులో కీబోర్డుతో కొట్టిన మిడి మాత్రం ఉంటుంది, శబ్దం ఉండదు. దాని కింద ఆరు ట్రాకులు. ఒక్కో దాంట్లో రీపర్‌తోనే వచ్చే రీశాంపిలోమాటిక్ అనే చిన్న శాంప్లర్, అందులో ఒక్క వాద్యం. ఏ నోటుకు పలకాలో మొదలు, చివర రెండు గళ్ళలోనూ ఒకే అంకె పెట్టాలి. సిర్రకు 36, పుల్లకు 38, ఇట్లా. తర్వాత పై ట్రాకు నుంచి ఆరు ట్రాకులకూ మిడిని సెండ్ చెయ్యాలి. సందేశం అందరికీ అందుతుంది, తన నోటు వచ్చినప్పుడే ఒక్కోటి పలుకుతుంది. ఆరు ట్రాకులంటే ఆరు చానెళ్ళు సిద్ధమైనట్టే.

రెడీమేడ్ డ్రమ్ ప్లగిన్ వాడేవాళ్ళకు దారి కొంచెం వేరు. మొదట ప్లగిన్ లోపలి మిక్సర్‌లోకి వెళ్ళి ఒక్కో వాద్యం అవుట్‌పుట్ మార్చాలి. ఒకటి 1/2కు, రెండోది 3/4కు, మూడోది 5/6కు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అప్పుడు మొదటి వాద్యం తప్ప మిగతావన్నీ మాయమైపోతాయి. ప్లగిన్ వాటిని పంపుతూనే ఉంటుంది, అవతల అందుకునే ట్రాకులు లేవు. రీపర్‌లో ఎఫెక్టుల కిటికీలో ఆ ప్లగిన్ మీద రైట్ క్లిక్ చేస్తే, ఎంచుకున్న ప్లగిన్ అవుట్‌పుట్‌లకు మల్టీచానెల్ రౌటింగ్ కట్టమనే ఎంపిక ఉంటుంది. అది నొక్కితే కావలసిన ట్రాకులు అవే వస్తాయి. రాగానే వాటికి పేర్లు పెట్టండి. "ట్రాక్ 7" అంటే ఏమిటో మర్నాటికి గుర్తుండదు.

మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ సూత్రం అదే. లాజిక్ ప్రోలో డ్రమ్ ప్లగిన్ ఎంచుకునేటప్పుడే స్టీరియోకు బదులు మల్టీ అవుట్‌పుట్ ఎంచుకుని, మిక్సర్‌లో ఆ చానెల్ కింద ఉండే కూడిక గుర్తు నొక్కుతూ పోతే అదనపు చానెళ్ళు వస్తాయి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో చానెల్ ర్యాక్‌లోని ఒక్కో శబ్దానికీ మిక్సర్ ట్రాకు అంకె ఇచ్చుకోవచ్చు. ఏబుల్టన్ లైవ్ డ్రమ్ ర్యాక్‌లో ప్రతి ప్యాడ్‌కూ సొంత దారి ముందే ఉంటుంది. గ్యారేజ్‌బ్యాండ్‌లో మల్టీ అవుట్ లేదు. అయినా ఉపాయం ఉంది: డ్రమ్ ట్రాకును ఆరుసార్లు కాపీ చేసుకుని, ఒక్కో కాపీలో ఒక్క వాద్యం నోట్లు ఉంచి మిగతావి చెరిపెయ్యడం. చాకిరీ ఎక్కువే, ఫలితం మాత్రం అదే.

అందరం చేసే ఒక పొరపాటు

మొదటిసారి రెడీమేడ్ ప్లగిన్‌తో ప్రయత్నించినప్పుడు డోలక్ చానెల్లో ఈక్వలైజర్ ఎంత తిప్పినా పెద్ద తేడా రాలేదు. ఆ చానెల్ మ్యూట్ చేసినా డోలక్ వినిపిస్తూనే ఉంది. కారణం ఏమిటంటే, అది రెండు దారుల్లో వస్తోంది. కొత్త చానెల్ ద్వారా ఒకసారి, ప్లగిన్ ఉన్న అసలు ట్రాకు నుంచి నేరుగా మాస్టర్‌కు ఇంకోసారి. పాత కుళాయి కట్టకుండానే కొత్త కుళాయి బిగించానన్నమాట. అసలు ట్రాకుకు మాస్టర్‌కు పంపే గుర్తు తీసేస్తే సరిపోయింది.

అందుకని దారులు వేశాక, ఎఫెక్టులు తగిలించక ముందే ఒక పరీక్ష చెయ్యండి. ఒక్కో చానెల్‌ను మ్యూట్ చేస్తూ పోండి. ఏది మ్యూట్ చేస్తే అది పూర్తిగా ఆగిపోవాలి. అది తప్ప ఇంకేదీ ఆగకూడదు. రెండు నిమిషాల పని, రెండు రోజుల తలనొప్పి తప్పుతుంది.

ఎవరికి ఏది, ఎంత

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అమ్మ "స" ఎందుకు పోయింది?

అచ్చుల బలం ఎక్కువగా కింది, మధ్య శబ్దాల్లో ఉంటుంది. "స", "శ" లాంటి అక్షరాల ఊదుడు మాత్రం 5 కిలోహెర్ట్జ్, అంతకుపైన ఉంటుంది. తాళాల గలగల కూడా సరిగ్గా అక్కడే. పైగా ఆ మాట తాళం దెబ్బ మీదే పడుతోంది. "స"ను తాళం మింగేస్తే మిగిలింది "అద్దుల". పిల్ల చెవి దానికి తెలిసిన మాట తగిలించుకుంది.

తాళాలకు ఇప్పుడు సొంత చానెల్ ఉంది కనుక, దాంట్లోనే ఈక్వలైజర్ పెట్టి 5 కిలోహెర్ట్జ్ పైన 6 డెసిబెల్స్ తగ్గించాను. వాల్యూమ్ కూడా కొంచెం దించి, శబ్దాన్ని ఒక పక్కకు జరిపాను. అమ్మ గొంతు మధ్యలో, తాళాలు కుడిపక్క. మిగతా ఐదింటినీ ముట్టుకోలేదు. ఒకే ఫైలు ఉన్నప్పుడు స్టూడియో వాళ్ళు చెయ్యలేనిది ఇదే.

పుల్ల దెబ్బకు 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ కోత. మాట స్పష్టతకు ముఖ్యమైన హల్లులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, పుల్ల పదునూ అక్కడే. సిర్ర దెబ్బకు కంప్రెసర్ పెట్టాను, కానీ అటాక్ 20 మిల్లీ సెకన్లు ఇచ్చాను. వెంటనే పట్టేస్తే దెబ్బలో ప్రాణం పోతుంది. కాస్త ఆగి పడితే మొదటి చరుపు బయటికి వచ్చి, వెనక వచ్చే మోత మాత్రం తగ్గుతుంది. డోలక్ ఎడమను కొంచెం ఎడమకు, కుడిని కొంచెం కుడికి జరిపాను. మరీ దూరం జరిపితే ఇద్దరు వేరువేరు మనుషులు వాయిస్తున్నట్టుంటుంది.

రివర్బ్‌ను ఒక్కో చానెల్లో విడివిడిగా పెట్టకండి. దానికోసం ఒకే ఒక ట్రాకు తెరిచి, అందులో రివర్బ్ పెట్టి, మిగతా చానెళ్ళ నుంచి దానికి కావలసినంత సెండ్ చెయ్యండి. అందరూ ఒకే వాకిట్లో ఉన్నట్టు వినిపిస్తుంది. చప్పట్ల నుంచి ఎక్కువ పంపాను, పుల్ల నుంచి కొంచెం, తాళాల నుంచి ఇంకా కొంచెం, సిర్ర నుంచి అసలు పంపలేదు. రివర్బ్ ట్రాకులోనే 300 హెర్ట్జ్ కింద అంతా కోసేశాను. మోత పేరుకోదు. అమ్మ గొంతును కూడా చిటికెడంత పంపాను. లేకపోతే అమ్మ గదిలో, డప్పు వాకిట్లో ఉన్నట్టుంటుంది.

విడదీసిన ఆరింటినీ చివర్లో మళ్ళీ ఒక ఫోల్డర్ ట్రాకు కింద చేర్చుకోండి. లోపల ఎవరి పాలు ఎంతో కుదిరాక, మొత్తం వాద్యాలను పైకీ కిందికీ జరపడానికి ఒక్క ఫేడరే సరిపోతుంది. వాల్యూమ్ కుదిర్చేటప్పుడు ముందు గొంతు ఒక్కటే పెట్టి, మాట స్పష్టంగా వినిపించే చోట ఆపి, దాని కింద వాద్యాలను మెల్లగా పైకి తేవాలి. నేను మొదట్లో డప్పుతో మొదలుపెట్టాను. డప్పు అంత బాగా వచ్చేసరికి తగ్గించ బుద్ధి కాలేదు.

అయ్యాక హెడ్‌ఫోన్లలో బాగుందని సంబరపడకండి. ఫోన్ స్పీకర్లో వినండి. అందులో సిర్ర మోత దాదాపు వినిపించదు, మాట మాత్రం తేలాలి. తర్వాత పండగలో పెట్టబోయే బ్లూటూత్ స్పీకర్లో, అవతలి గదిలో నిలబడి వినండి. ఇంట్లో పాట తెలియని మనిషిని పిలిచి మాటలు చెప్పమనండి. మా ఇంట్లో ఆ పరీక్షాధికారి ఎవరో మీకు తెలుసు.

విడివిడిగానే దాచండి

పని పూర్తయ్యాక కలిపిన పాటతో పాటు ఆరు వాద్యాలనూ, గొంతునూ విడివిడి ఫైళ్ళుగా కూడా తీసి పెట్టుకోండి. వీటినే స్టెమ్స్ అంటారు. నాలుగు నిమిషాల పాటకు, 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో వేవ్ ఫైలు ఒక్కోటి 32 ఎంబీ దాకా వస్తుంది. ఆరూ కలిపి దాదాపు 190 ఎంబీ. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, ఆడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. రెండు చోట్ల దాచండి. పదేళ్ళకు మన పిల్లలకు డప్పు వద్దు, ఇంకేదో కావాలనిపించొచ్చు. అప్పుడు వాళ్ళకు అమ్మమ్మ గొంతు శుభ్రంగా దొరకాలి.

అసలు ఫైలు పోగొట్టుకున్నవాళ్ళకు ఒక మాట. కలిసిపోయిన పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. డీజర్ సంస్థ 2019లో విడుదల చేసిన స్ప్లీటర్ అట్లాంటిదే. నేను మా స్టూడియో ఫైలు మీద ప్రయత్నించాను. గొంతు చాలావరకు విడివడింది, కానీ నీళ్ళలోంచి పాడుతున్నట్టు వచ్చింది. ఆ "స" మాత్రం తాళాలతోనే వెళ్ళిపోయింది. ఏమీ లేని చోట అదే మేలు. అసలు ఫైలు ఉంటే మాత్రం దాన్ని బంగారంలా చూసుకోండి. ఊరికి పోయినప్పుడు పాట రికార్డు చేస్తే ఫ్యాన్ ఆపి, చప్పట్లు లేకుండా ఒకసారి, చప్పట్లతో ఒకసారి తియ్యండి. ఈ రెండు నిమిషాల జాగ్రత్త ఏ ప్లగినూ చెయ్యలేనిది చేస్తుంది.

అమ్మ విన్నది

కొత్త పాట పూర్తయిన రాత్రి ఇక్కడ ఏడు, ఊళ్ళో తొమ్మిదిన్నర. వీడియో కాల్ పెట్టి వినిపించాను. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆమె పెదాలు కదులుతున్నాయి, శబ్దం రాకపోయినా. ఏడుస్తుందేమోనని నేను భయపడుతున్నాను. పాట అయిపోయింది.

"డప్పు మంచిగ కొట్టిండు," అన్నది బొంగురు గొంతుతో. "చప్పట్లే, మూడో వరుస కాడ ఎవరో ఎనకబడ్డరు. ఎవరే అది?"

నేనే. ఒప్పుకున్నాను. చప్పట్లకు సొంత చానెల్ ఉంది కనుక ఆ రాత్రే ఆ ఒక్క వరుస మళ్ళీ కొట్టి అతికించాను. మిగతా పాట అట్లాగే ఉంది.

మా అమ్మాయి మాత్రం ఫోన్ లాక్కుని, "అమ్మమ్మా, ముద్దుల కాదా? సద్దులనా? సద్ది అంటే ఏంది?" అని అడిగింది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు ఏమేం సద్దులు కలుపుతారో, పెరుగన్నం ఎట్లా, చింతపండు పులిహోర ఎట్లా, నువ్వుల సద్ది ఎట్లా, చెరువు కాడ ఎవరు ఎవరికి పంచుతారో. మధ్య మధ్య గొంతు ఆగిపోతోంది. నీళ్ళు తాగి మళ్ళీ చెబుతోంది.

నేను మెల్లగా లేచి, ఏసీ ఆపి, రెండో ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను.